నాన్నకు కనబడిన పసుపు

శనివారం

కొత్త కంప్యూటర్‌కి కావలసినవన్నీ ఈరోజు నేనే ఎంచుకున్నాను. మా ఊళ్లో కుదుదండ్ పేటలోని కంప్యూటర్ షాపతను ఆటలాడేవాళ్లు కొనే పెద్ద గ్రాఫిక్స్ కార్డు అంటగట్టబోయాడు. నేను గీసేది పిల్లల పుస్తకాలకు బొమ్మలు, నాకు ర్యామ్ ఎక్కువ కావాలి, రంగు తప్పని స్క్రీన్ కావాలి అని తేల్చి చెప్పాను. "అచ్ఛా దీదీ" అని ఊరుకున్నాడు.

స్క్రీన్ మాత్రం నా వెంట వచ్చిన నాన్న చేత ఎంపిక చేయిద్దామనుకున్నాను. గూడ్స్ బండి నడిపే మనిషి, ఏళ్ల తరబడి సిగ్నళ్లు చూసిన కళ్లు. నేను గీసిన సిగ్నల్ బొమ్మను రెండు స్క్రీన్ల మీద పక్కపక్కనే పెట్టించాను. ఒకదాంట్లో పసుపు దీపం పసుపుగానే ఉంది. రెండోదాంట్లో ఎరుపుకి తిరిగి, పండిన నారింజలా ఉంది.

"ఏటమ్మా, రెండూ ఒక్కలాగే ఉన్నాయి కదా. సస్తాది, ఆ చవకది తీసీసుకో," అన్నాడు నాన్న.

షాపతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మంచి స్క్రీనే తీసుకున్నాను, అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

రైల్వేవాళ్ల కంటి పరీక్షకి ఇంకా చాలా టైముంది. నాన్నకి రేపు పొద్దున్నే డ్యూటీ. ముందు డాక్టరు దగ్గరికి పద అంటే కోప్పడతాడు. పడనీ.

నాన్న డ్యూటీ బ్యాగు తీసి నా మంచం కింద దాచేశాను.