గంటల మీద ఫిర్యాదు

ప్రియమైన విల్ఫ్ అన్నయ్యకు,

నీ చెల్లెలు మార్జరీ ప్రేమతో రాస్తున్నది. థార్న్‌విక్‌లో అందరం తింటూ తిరుగుతూనే ఉన్నాం, కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి కనుక క్షేమమనే రాస్తున్నాను. టాస్మేనియా ఎండల్లో నువ్వూ వదినా చల్లగా ఉన్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో అడిగినవి ముందు చెప్పేస్తాను. చర్చి గంటల్లో మూడోదానికి కొత్త తాడు వేశారు. మాతో గంటలు మోగించే డెస్మండే స్వయంగా ఎక్కి కట్టాడు. ఈ వయసులో నీకెందుకయ్యా అంటే విన్నాడా? దిగేటప్పుడు మోకాలు పట్టేసి మెట్ల మీదే చతికిలబడ్డాడు. లింకన్ బస్సు ఇప్పుడు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అంతే. అమ్మ సమాధి దగ్గర నువ్వు నాటిన గులాబీ ఈ చలిని కూడా తట్టుకుంది. ఇక గంటల ఊసే ఎత్తలేదేమని నిలదీశావు. ఎత్తడానికి ఏమీ లేకపోయింది అన్నయ్యా. అక్టోబరు నుంచి మొన్నమొన్నటి దాకా మన చర్చి గంటలు మోగలేదు.

ఎవరో కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశారు. బుధవారం సాయంత్రం మా గంటల జట్టు సాధన, ఆదివారం పొద్దుటి మోత రెండూ భరించలేకపోతున్నామనీ, ఆపించమనీ. విచారణ తేలేదాకా తాళ్లు ముట్టుకోవద్దని చర్చి గురువుగారు మమ్మల్ని బతిమాలారు. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టరట. పెట్టనక్కర్లేదనుకుంది ఊరు.

చర్చి గోడను ఆనుకుని ఉన్న పాత గడ్డికొట్టం గుర్తుందా? దాన్ని ఇల్లుగా మార్చారు. పోయిన వేసవిలో నగరం నుంచి ఒక జంట వచ్చి అందులో చేరారు. టామ్సిన్, జోయెల్. ఒక చంటిపిల్ల. కొత్తవాళ్లు, చర్చి పక్కనే ఇల్లు. ఊరికి అంతకంటే రుజువు ఏం కావాలి?

ఆ శుక్రవారం పబ్‌లో అందరికంటే గట్టిగా అరిచింది మీ బావ డెరిక్.

"పక్కన చర్చి ఉందని చూసుకోకుండానే కొన్నారా ఇల్లు? పల్లెటూరు కావాలంట! పేడ వాసన వద్దంట, కోడి కూత వద్దంట, ఇప్పుడు గంటలూ వద్దంట! మరేం కావాలయ్యా దొరగారికి, గోడకి తగిలించుకునే బొమ్మా?"

పబ్ అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. బెరిల్ ఒక్కతే నవ్వలేదు. "చాల్లే డెరిక్, కాస్త తగ్గు" అంది. మా బెరిల్ సంగతి నీకు తెలుసుగా, బడిలో నా పక్క బల్లే, ఇప్పుడు ఊరి సంఘం రాతకోతలన్నీ తనే చూస్తుంది. పాపం, దాని మనసు మెత్తన అనుకున్నాను.

ఆ తర్వాత ఊరు చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. దుకాణంలోకి టామ్సిన్ అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. క్రిస్మస్ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగినవాళ్లు వాళ్ల గుమ్మం ముందు నోరు మూసుకుని దాటిపోయారు. ఒకరోజు పొద్దున వాళ్ల గేటుకు అడ్డంగా బండెడు పేడ పోసి ఉంది. అది ఎవరి ట్రాక్టరో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

బుధవారాలు వస్తే నాకు చేతులు ఆడేవి కావు. నాన్న నా చేతికి తాడు ఇచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. ఆనాటి నుంచి నాకు బుధవారం అంటే అదే. వంటగదిలో కూర్చుని ఏడుస్తుంటే డెరిక్ వచ్చి వీపు నిమిరేవాడు. "ఊరుకో మార్జ్. విసుగెత్తి వాళ్లే పోతార్లే" అనేవాడు. ఎంత ఓదార్పుగా ఉండేదో.

జనవరిలో ఇక ఉండబట్టలేక జామ్ కేకు ఒకటి చేసుకుని ఆ ఇంటికి వెళ్లాను. మర్యాదగా అడిగి ఫిర్యాదు వెనక్కి తీయిద్దామని. టామ్సిన్ తలుపు తీసి, కేకును చూసి, దాని వెనక ఏముందో అన్నట్టు నన్ను చూసింది.

"మేము కాదండీ" అంది, నేను అడగకముందే. "మా పాప ఆ గంటలు వింటూనే నిద్రపోయేది. అవి ఆగిపోయాక దాన్ని పడుకోబెట్టలేక చస్తున్నాం."

లోపలి నుంచి జోయెల్ వచ్చాడు. "ఎందుకు చెప్తావ్? నమ్మేవాళ్లెవరు?" అని, నా వైపు తిరిగి, "ఇల్లు అమ్మకానికి పెడుతున్నాం. ఊళ్లో చెప్పండి, సంతోషిస్తారు" అన్నాడు.

ఆమె కళ్లలో అబద్ధం కనబడలేదు. ఇంటికొచ్చి ఆ మాటే డెరిక్‌తో అన్నాను. "నమ్మేశావా? నీ అంత పిచ్చిది ఈ జిల్లాలో లేదు" అని నవ్వాడు.

తర్వాతి వారం అతను చేపలు పట్టడానికి వెళ్లినప్పుడు ఒక అమ్మాయి పెట్టె పట్టుకుని మా తలుపు తట్టింది. "డెరిక్ స్టోరర్ గారిల్లు ఇదేనాండీ? కౌన్సిల్ నుంచి వచ్చాను. రేపు గంటలు ఒకసారి పరీక్షకి మోగిస్తారు కదా, శబ్దం కొలిచే మిషన్ పెట్టాలి. పడకగదిలో అన్నారు."

"పొరపాటు పడ్డావమ్మా. నువ్వు వెళ్లాల్సింది ఆ కొట్టం ఇంటికి" అన్నాను.

"కాదండీ, ఫిర్యాదు చేసినవాళ్లింట్లోనే పెడతాం" అంది. అనేశాక తనకే తెలిసింది, మొహం ఎర్రగా కందిపోయింది. "అయ్యో, మీకు తెలుసనుకున్నా."

పడకగది చూపించాను. టీ కూడా ఇచ్చి పంపాను. నవ్వకు అన్నయ్యా, ఇంకేం చెయ్యాలో తోచలేదు.

డెరిక్ వచ్చి మంచం పక్కన ఆ పెట్టెను చూశాడు. బుకాయించలేదు. బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"ఎందుకు?" అన్నాను.

"నీ బుధవారాలు ఆ గంటలవి, నీ ఆదివారాలు వాటివి. ఎక్కడ పెళ్లైతే అక్కడికి శనివారాలు కూడా. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక తెలిసింది, నాకంటూ ఏమీ మిగల్లేదని."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"అంటే మానేసేదానివా?"

ఆ మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. గంటలంటే ఒళ్లుమండడం తప్పు కాదు. కానీ ఆ కుర్రజంట గేటు ముందు పేడ పడుతుంటే, పబ్‌లో నిలబడి ఊరిని ఎగదోసింది ఎవరు? నా వీపు నిమిరిన చెయ్యి ఎవరిది?

"ఇంకెవరికి తెలుసు?" అన్నాను. బూట్ల తాళ్లు విప్పుతూ, "ఎలా రాయాలో బెరిల్ చెప్పింది" అన్నాడు. అక్టోబరు నుంచి వారం వారం నాతో కూర్చుని టీ తాగుతూ, "ఎవరై ఉంటారంటావ్?" అని అడిగిన బెరిల్!

శుక్రవారం ఊరి సభ ఉంది. అక్కడ నీ నోటితోనే నిజం చెప్పు, ఆ పిల్లలకి క్షమాపణ చెప్పు, మిగతాది మనం చూసుకుందాం అన్నాను. సరేనన్నాడు. నమ్మాను చూడు, మళ్లీ నమ్మాను.

హాలు నిండిపోయింది. టామ్సిన్, జోయెల్ తలుపు దగ్గర కుర్చీల్లో ఉన్నారు. రమ్మని నేనే పిలిచాను. డెరిక్ లేచి గొంతు సవరించుకున్నాడు. "అందరికీ శుభవార్త. ఫిర్యాదు వెనక్కి తీసేసుకున్నారు. కొంచెం నచ్చజెప్పాల్సి వచ్చింది. కుర్రతనం, తెలిసీ తెలియక చేశారు, ఇక వాళ్లనేమీ అనకండి."

హాలంతా చప్పట్లు. డెస్మండ్ వెంటనే వెళ్లి అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. టామ్సిన్ పాపను ఎత్తుకుని లేచింది. డెరిక్ మాత్రం నా వైపు చూశాడు అన్నయ్యా, పని చక్కబెట్టానా అన్నట్టు.

"కూర్చో అమ్మాయ్, వెళ్లకు" అని నేను లేచాను. "వెనక్కి తీసుకున్నది వాళ్లు కాదు. పెట్టిందీ వాళ్లు కాదు. పెట్టింది నా మొగుడు, రాయించింది బెరిల్. మిషన్ మా మంచం పక్కనే ఉంది, వచ్చి చూసుకోండి."

బెరిల్ ఒక్కతే అంది, ఎంతో నెమ్మదిగా: "ఇంటి గొడవ ఇంట్లో పెట్టుకోవాలి మార్జరీ."

ఊరు ఆ మాటనే పట్టుకుంది. డెరిక్‌కు పబ్‌లో ఎవరో ఒకరు బీరు కొనిస్తున్నారు, పాపం ఎంత నలిగిపోయాడో అని. టామ్సిన్ గుమ్మానికి క్షమాపణ అడగడానికి వచ్చింది డెస్మండ్, చర్చి గురువుగారు మాత్రమే. నేను దుకాణానికి వెళితే ఇప్పుడు నన్ను చూసి కూడా మాటలు ఆగుతున్నాయి.

మే నెలలో వస్తున్నాం, మీ ముందు గదిలోనే దిగుతాం అని రాశావు. నేనిక ఆ ఇంట్లో లేనన్న సంగతి ఎలా చెప్పాలో తెలియకే ఇంత సాగదీశాను. కవరు వెనక చిరునామా చూశావో లేదో. నేను కొట్టం ఇంట్లో, పైగదిలో ఉంటున్నాను. నేనే అడిగాను, వాళ్లు వద్దనలేదు. ఇల్లు అమ్మే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టారు. మీ కోసం ఇక్కడే మంచం వేయిస్తాను. డెరిక్ నీకు ఫోన్ చేస్తే మాట్లాడు, తిట్టకు. తిట్టడానికి నేనున్నాను.

నిన్న గేటు దాకా వచ్చాడు. నా ఉన్ని కోటు చేతిలో ఉంది, గడ్డం గీసుకోలేదు.

"వచ్చెయ్ మార్జ్. గంటలు మోగుతున్నాయిగా. ఇక జన్మలో వాటి మీద మాట అనను, ఒట్టు."

"నేను వచ్చేసింది గంటల కోసం అనుకున్నావా?"

"మరి దేనికి?" అన్నాడు. నిజంగానే అడిగాడు అన్నయ్యా. ముప్పై ఎనిమిదేళ్లు కలిసి కాపురం చేసిన మనిషి, గేటు పట్టుకుని నిలబడి, జవాబు తెలియక నన్ను అడిగాడు. కోటు తీసుకుని, చలిగా ఉంది ఇంటికి వెళ్లు అన్నాను.

వదినకు నా ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు
మార్జరీ