గోడ వెనక తినని సర్వపిండి

బుధవారం, రాత్రి

ఈరోజు ల్యాబ్‌ల వీఆర్ కళ్లద్దాలు నాకే పెట్టిన్రు. మా ఊరు రేగొండల, మా వంటింట్ల నేనే తీసిన వీడియో అది. ఇల్లు చూసుకుంట తింటే సర్వపిండి రుచి పెరుగుతదా అన్నదే మా పరిశోధన.

ఎదురుంగ అవ్వ. నాకిష్టమని మాడిన అంచు తుంచి చెయ్యి చాపింది. "తినరాదే బిడ్డా, సల్లారుతది."

నేను నిజంగనే చెయ్యి చాపిన. గాలి తగిలింది. సార్ నవ్వి, ల్యాబ్‌ల చేసిన ముక్క నా చేతుల పెట్టిండు. అది ఎక్కడా మాడలేదు. "రుచికి ఎన్ని మార్కులు?" అంటే కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిన.

ఆ వీడియో తీసిన రోజు, పెట్టె లాంటి కెమెరా చుట్టూరా తీస్తదని, దాన్ని నా పీట మీద పెట్టి నేను గోడ వెనక దాక్కున్న. అవ్వ అలవాటుగ పీట దిక్కే ముక్క చాపింది. తీసుడు కాంగనే నేను బస్సుకు ఉరికిన.

రేపటి నుంచి ఎవరెవరో ఆ కళ్లద్దాలు పెట్టుకుంటరు. అవ్వ అందరిని బిడ్డా అంటది...

ఇందాక ఫోన్ చేస్తే అవ్వ అడిగింది, "మీ పెట్టె తిన్నదా?"

"మంచిగున్నదన్నదే అవ్వా."

"దానిదేమున్నది. నువ్వే తినకపోతివి."