దర్జీ ఆవిడ కుళాయిలో మంట

అమ్మడూ,

నాన్న ఆశీస్సులు. మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావనీ, వేళకి తింటున్నావనీ మీ అమ్మ నమ్మకం, నాది అనుమానం. ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది మూడోసారి. మొదటిది చించేశాను. రెండోదాని మీద టీ ఒలికింది. ఒలికిందో, ఒలకబోశానో అడగొద్దు.

నీ ప్రశ్నలకి వరసగా జవాబులు. నా మోకాలు కూర్చుంటే లేవనంటుంది, లేస్తే కూర్చోనంటుంది. ఈ వారం అసలు కూర్చోనివ్వడం లేదు గానీ, అది మోకాలి తప్పు కాదు. మీ అమ్మ కళ్లజోడు వచ్చింది. పెట్టుకున్న రోజు నుంచీ ఇల్లంతా దుమ్మేనని నన్ను సాధిస్తోంది.

ఎన్నికల సంగతులు రాయమన్నావు. ఒకప్పుడు ఎన్నికలంటే రోడ్లు, నీళ్లు, కరెంటు. ఇప్పుడు మంగలి షాపులో కూడా భూగర్భ శాస్త్రమే. మొన్న గడ్డం గీస్తూ కత్తి నా గొంతు మీద ఆనించి, "పెద్దాయనా, ఈ ఫ్రాకింగో ఏదో, మైలు లోతున రాయిని నీళ్లతో పగలగొట్టి గ్యాస్ తీస్తారటగా. పైనున్న నా షాపు పగుళ్లిస్తుందా?" అన్నాడు. కత్తి అక్కడుండగా ఏం చెప్తాం? "ముందు నువ్వెవరికి ఓటేస్తున్నావో చెప్పు, దాన్నిబట్టి చెప్తా" అన్నాను. కాంట్రాక్టరు గెలిస్తే, ఊరి బయట రెండు పరీక్ష బోర్లు వేసి ఆగిన గ్యాస్ కంపెనీ పూర్తిగా దిగుతుంది, కరెంటు చవకవుతుంది, ఇంటికో ఉద్యోగం అని వాళ్ల మైకు. నువ్వు ప్రచారం చేస్తున్న మీ టీచరమ్మ గెలిస్తే కంపెనీని ఊరి పొలిమేర తొక్కనివ్వదని మీ మైకు. రెండు మైకులూ మన వీధి మలుపులోనే ఎదురుపడతాయి. అప్పుడు రెండూ వినపడవు. అదొక్కటే కాస్త సుఖం.

ఇక మీ పోస్టరు. దర్జీ ఆవిడ వంటింటి కుళాయి, దాని మూతి నుంచి నీళ్లతో పాటు మంట. కింద "కంపెనీ రాకముందు నీళ్లు, వచ్చాక నిప్పు." అది నీ ఆలోచనేనని తెలిసి మీ అమ్మ ఒక్క రోజులో ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. దర్జీ ఆవిడైతే ఇప్పుడు సామాన్యురాలు కాదు. విలేకరులు రాగానే మిషను ఆపేసి, "ఇటువైపు నుంచి తీయండి, అటు గోడ పెచ్చులూడింది" అంటుంది. నిన్నటికి నిన్న నన్ను చూసి, "అన్నయ్యా, కాస్త జరుగు. ఫోటోలో నీ బొజ్జ పడుతోంది" అంది.

నేనక్కడ ఎందుకున్నానంటావా? నెల నుంచీ రోజూ వెళ్తున్నాను. వెళ్లి ఆవిడ వంటింటి కిటికీలు బార్లా తెరిచి వస్తున్నాను.

"నా కిటికీలతో నీకేం పని అన్నయ్యా? జల్లు కొట్టి కుట్టాల్సిన గుడ్డలన్నీ తడిశాయి!"

"తడిస్తే ఆరతాయిలే."

అని వచ్చేస్తాను. ఇంటికొచ్చి అయిదు నిమిషాలు కూర్చుంటాను. మళ్లీ వెళ్తాను, ఆవిడ మూసేసి ఉంటుందని. మూసేసే ఉంటుంది.

ఆ కుళాయికి నీళ్లిచ్చే బోరు వేసింది నేనేనని నీకు తెలుసు. అందుకే శుక్రవారం సభలో నన్ను నాలుగు నిమిషాలు మాట్లాడమన్నావు. "నీ పాత నోటు పుస్తకం పట్టుకుని, నేను వేసినప్పుడు ఇందులో గ్యాస్ లేదని ఒక్క ముక్క చెప్తే చాలు నాన్నా" అని రాశావు.

ఉంది, అమ్మడూ.

అప్పుడు నీకు ఆరేళ్లు. ఆ ఇల్లు ఒక పోస్టుమాస్టరుది. అదే రోజు పక్క వీధిలో ఇంకో బోరు రిగ్గు దిగింది. దాని యజమానిని అందరూ 'మెరుపు' అనేవారు, అంత వేగం వాడిది. సాయంత్రంలోగా ముందు నీళ్లు చూపించేదెవరని ఇద్దరికీ పంతం. గెలిస్తే వచ్చేదేమీ లేదు, పేరు తప్ప. నూట ఎనభై అడుగుల దగ్గర నల్లరాయి పొర దాటగానే గొట్టంలోంచి బుస్సుమంది. వాసన లేదు. వాసన లేదు కదా, ఉత్త గాలే అనుకుని సిగరెట్టు వెలిగించాను. గుప్పుమంది. కుడి కనుబొమ్మ పోయింది. స్టౌ దగ్గర కాలిందని మీ అమ్మకి చెప్పాను. నేను స్టౌ దగ్గరికి పోయే రకం కాదని తెలిసీ ఆవిడెలా నమ్మిందో!

అలాంటి పొర తగిలితే చేయాల్సిన పని ఒక్కటే. పొర దాటేదాకా బోరుకి తొడుగులా కేసింగ్ పైపు దించాలి, పైపుకీ రాతికీ మధ్య సందులో సిమెంటు పోయాలి, ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోకూడదు. అది గట్టిపడితే గ్యాస్ కిందే ఉండిపోతుంది. కానీ ఒక పగలూ ఒక రాత్రీ ఆగితే మెరుపు గెలుస్తాడు. సందులో బంకమట్టి కూరాను. నాలుగున్నరకి నీళ్లు చూపించాను. జనం చప్పట్లు కొట్టారు. నోటు పుస్తకంలో "నూట ఎనభై: గాలి" అని రాసుకున్నాను.

తర్వాత పోస్టుమాస్టరు వచ్చి, నీళ్లలో సోడాలా బుడగలొస్తున్నాయేమిటయ్యా అన్నాడు. అరుగుదలకి మంచిదన్నాను. పాపం, బతికినన్నాళ్లూ చుట్టాలందరికీ తాగించాడు. మూడేళ్ల క్రితం ఆ ఇల్లు దర్జీ ఆవిడ కొనుక్కుంది. ఆ ఏడే కంపెనీ మైలు దూరంలో ఆ రెండు పరీక్ష బోర్లు వేసింది. మీ వాళ్లెవరో కుళాయి దగ్గర అగ్గిపుల్ల గీసేదాకా ఆ నీళ్లకి ఎవరూ నిప్పు చూపించలేదు, అంతే. కంపెనీ బోర్ల వల్ల గ్యాస్ కాస్త పెరిగిందేమో నాకు తెలీదు. దారి చూపించింది మాత్రం నేనే.

పోస్టరు చూసిన రోజే చెప్పాల్సింది. నాలుగుసార్లు ఫోన్ చేశాను. "మీటింగులో ఉన్నా నాన్నా" అన్నావు. నాలుగుసార్లూ అమ్మయ్య అనుకున్నాను.

నిన్న మీ అమ్మకి చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పిల్ల కష్టమంతా పోతుంది" అంది. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "ఆవిడ ఇల్లు పేలిపోతేనో?" అంది. చెప్పులేసుకుని బయల్దేరాను.

దర్జీ ఆవిడ అంతా విని మిషను మీంచి చెయ్యి తీయలేదు. "అంటే పేపర్లో నా ఫోటో అబద్ధమా?"

"ఫోటో నిజమేనమ్మా. కింద రాసింది..."

"రోజూ ఎదురుగా నిలబడి కిటికీలు తీసి, ఈ ముక్క మింగి పోయావా? రేపటి నుంచి నిన్ను అన్నయ్య అనను, పో."

పోలేదు. ఆవిడ బోరు మోటారు ఆపేసి, మన ఇంటి కుళాయి నుంచి రబ్బరు గొట్టం లాగాను. నా దగ్గర పని నేర్చుకున్న మేస్త్రి రేపు పొద్దున్నే రిగ్గు తెస్తున్నాడు. ఆ బోరుని అడుగు నుంచి నోటిదాకా సిమెంటుతో పూడ్చేస్తాం.

ఈ ఉత్తరం సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, రేపు నీ ఆఫీసులో అందుతుంది. ఆ పోస్టరు శుక్రవారంలోగా తీయించు. మీ అంతట మీరు తీస్తే తప్పు దిద్దుకున్నట్టు, కాంట్రాక్టరు మనుషులు తీయిస్తే దొరికిపోయినట్టు. నా పేరు చెప్పు, దాచొద్దు.

సభకి వస్తాను. వేదిక మీద కుర్చీ వేయకపోతే కింద కూర్చుంటాను. వేస్తే మాత్రం ఇప్పుడు నీకు రాసిందే చెప్తాను, ఇంకొక్క ముక్క కలుపుతాను: నేను వేసింది ఒక్క బోరు. చెడ్డవాణ్ణి కాను, పని రానివాణ్ణీ కాను. ఒక్క సాయంత్రం తొందరపడ్డాను. కంపెనీ నాలుగు వందల బోర్లు వేస్తుందట. నాలుగు వందల చోట్లా, ప్రతి ఒక్కరూ సిమెంటు ఆరేదాకా ఆగుతారా? ఎక్కడా పక్క వీధిలో ఒక మెరుపు ఉండడా? ఇది మీ టీచరమ్మకి కలిసొస్తుందో, కాంట్రాక్టరుకి కలిసొస్తుందో నాకు తెలీదు. నాకు తెలిసిన పని గురించి నాకు తెలిసింది ఇంతే.

తిట్టాలనిపిస్తే ఫోన్ చెయ్యి. మీటింగులో ఉన్నానని మాత్రం అనను.

ఇట్లు,
రేపటి నుంచి దర్జీ ఆవిడ పెరట్లో ఒక పగలూ ఒక రాత్రీ సిమెంటు పక్కన కదలకుండా కూర్చోబోయే
నీ నాన్న