కోసేసిన కడ్డీలు

2007 జూన్, మంగళవారం రాత్రి

చింతలపూడిలో మరియమ్మ ఇంటి వెనక గట్టు జారకుండా ఇనుప కడ్డీలు దిగ్గొట్టే పని ఈ రోజుతో అయిపోయింది. నా వంతు కడ్డీల్లో మూడు రాయి తగిలి సగంలోనే ఆగిపోయాయి. చెబితే ముసలాడికి సత్తువ లేదంటారని సిగ్గేసింది. అందరూ అన్నాలకు వెళ్ళాక, బయట మిగిలిన ముక్కలు రంపంతో కోసేసి, తలల మీద మట్టి మెత్తాను.

సాయంత్రం ఇంజనీరమ్మ గారు కడ్డీలు లాగి చూసే మిషనుతో వచ్చారు.

"అన్నీ పూర్తిగా దిగాయాండీ, తాతగారూ?"

"దిగాయండీ."

"అయితే మీవి లాగి చూడక్కర్లేదు లెండి."

పక్కనున్న, నాతో పనిచేసే సుబ్బారావు నవ్వాడు. "తాత సుత్తి దెబ్బకి రాయైనా దారివ్వాల్సిందేనండీ!"

నేనూ నవ్వేశాను. ఇన్నేళ్ళ పనిలో ఇలా ఎప్పుడూ చెయ్యలేదు.

బయల్దేరుతుంటే మరియమ్మ ఎదురొచ్చింది. "బాబాయిగారూ, ఇంక వానొచ్చినా భయం లేదాండీ? నెల నుంచీ పిల్లల్ని వీధి వరండాలోనే పడుకోబెడుతున్నాను."

"లేదమ్మా" అన్నాను.

పొద్దున్నే వెళ్ళి ఇంజనీరమ్మ గారికి చెప్పెయ్యాలి. మాట ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియడం లేదు.

నా మాట విని మరియమ్మ అప్పటికప్పుడే పిల్లల మంచం గట్టు వైపు గదిలోకి మార్చింది. ఒక్కత్తే మొయ్యలేకపోతుంటే, రెండో కొస నేనే పట్టుకున్నాను.