గుట్ట మీద ఎర్ర గుడ్డలు

శిల్పా, పొయ్యి మీద అన్నమున్నది. తిని గుట్ట కాడికి రా. ఒక్కదానివే ఎక్కకు. నేను సున్నం డబ్బ పట్టుకొని కింద కూసుంట.

వచ్చే ఐతారం జరిగే ఉరుకుడు పందెం తొవ్వ చూస్తనని మొన్న ఎవ్వరికీ చెప్పకుండ ఒక్కదానివే గుట్టంత ఉరికితివి. ఉరికేటోళ్లకు గుర్తుండాలని మలుపు మలుపుకు చెట్లకు ఎర్ర గుడ్డలు కడితివి. చెట్టుకు ఎర్ర గుడ్డ చూస్తే మనోళ్లు మొక్కు అనుకుంటరని నీకు తెల్వదా? పక్కింటి సత్తెమ్మ నీ గుడ్డకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఆమెను చూసి ఊరోళ్లంత తలా ఒకటి కట్టిన్రు. ఇప్పుడు ఏ చెట్టు చూసినా ఎర్రగనే ఉన్నది. ఐతారం ఉరికేటోళ్లు ఎటు పోవాలె? ఎవడన్న తొవ్వ తప్పి లోయల పడితే జిమ్మెదారు ఎవరు?

ఆ గుడ్డలు ఇప్పేద్దమంటే ఇంకొకరి మొక్కు మనం ఇప్పరాదు. నువ్వు తొవ్వ చూపెట్టు, నేను బండలకు సున్నం కొడ్త. ఇంకోసారి చెప్పకుండ పోయినవంటే నీ బూట్లు తీస్కపోయి బాయిల ఏస్త.

తాత

కింద రేగుచెట్టుకున్న తువ్వాల పీలిక నాది. మొన్న పొద్దుగూకినా నువ్వు దిగకపోతే కట్టిన. దాన్ని ముట్టకు. ఐతారం పందెం అయినంక నేనే ఇప్పుత.