తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిది

జూన్ 9, సోమవారం

నైట్రోజన్ జనరేటర్ ఎంపిక నాకు అప్పగించారు. పరవాడలో ఈ మందుల ఫ్యాక్టరీకి వచ్చి ఆరేళ్లయింది. ఒక మిషన్ విషయం పూర్తిగా నా చేతికి రావడం ఇదే మొదటిసారి. కూర్మన్నపాలెంలో కంపెనీ బస్సు దిగి ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచాను.

జూన్ 11

సిలిండర్ల యార్డుకు వెళ్లి అర్జునరావు గారికి చెప్పాను. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ నైట్రోజన్ సిలిండర్లు మార్చేది ఆయనే. ముత్యాలమ్మపాలెం మనిషి. అన్నదమ్ములంతా సముద్రం మీదికి వేటకెళ్తే ఈయనొక్కరే ఫ్యాక్టరీకి వచ్చారు. కొత్త మిషన్ మామూలు గాలిలోంచే నైట్రోజన్ తీస్తుందంటే, గాల్లో ఉన్నదాన్నేటమ్మా ఇన్నాళ్లూ లారీల్లో తెచ్చుకున్నాం అని పగలబడి నవ్వారు. కాసేపటికి నవ్వు ఆపి, మరి నానేటి సెయ్యాలి అని అడిగారు.

చూద్దాం బాబాయ్ అన్నాను. అదొక జవాబా?

జూన్ 17

మూడు రోజులుగా రెండు రకాల జనరేటర్ల మధ్య కొట్టుమిట్టాడుతున్నాను. మెంబ్రేన్‌ది సులువైన పద్ధతి. వెంట్రుకంత సన్నటి గొట్టాలు వేలకొద్దీ ఉంటాయి. వాటిలోకి కంప్రెసర్ గాలి పంపితే ఆక్సిజన్, తేమ గోడల్లోంచి త్వరగా బయటికి జారిపోతాయి. నైట్రోజన్ రెండో చివర వస్తుంది. కదిలే భాగాలు దాదాపు లేవు, చోటు తక్కువ. రెండో రకం, పీఎస్ఏ, అలా కాదు. రెండు టవర్లు, వాటి నిండా నల్లటి కార్బన్ గుళికలు. ప్రెషర్ పెంచితే గుళికలు ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి, నైట్రోజన్ పైకి పోతుంది. నిమిషానికోసారి టవర్ మారుతుంది. ఒకటి పట్టుకుంటుంటే రెండోది పట్టుకున్నది వదిలేస్తుంది. వాల్వులు రోజంతా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి.

రెండింటికీ ఒకటే శత్రువు: నూనె, తేమ. మన సముద్రపు గాలికి తేమ తీసే డ్రయ్యర్, ఫిల్టర్లు మంచివి పెట్టకపోతే ఏది కొన్నా పాడవుతుంది. అది మాత్రం ముందే రాసుకున్నాను.

మన సాల్వెంట్ ట్యాంకులు మంటంటుకోకుండా ఉండటానికి తొంభై ఏడు శాతం నైట్రోజన్ చాలు.

జూన్ 20

మెంబ్రేన్ అని జీఎం గారికి మెయిల్ పంపేశాను. హాయిగా ఉంది.

జూన్ 23, సాయంత్రం 4

హాయి పోయింది.

క్యాంటీన్‌లో టీ తాగుతూ ల్యాబ్ మహేశ్వరి మాటల మధ్యలో చెప్పింది. కొత్త ప్రాడక్ట్ ఆరబెట్టేటప్పుడు కాస్త ఆక్సిజన్ తగిలినా పౌడరు పసుపెక్కిపోతోందట. బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందేనట. ఎంత ప్యూరిటీ కావాలి అన్నాను. తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిది అంది. నా టీ చల్లారిపోయింది. మెంబ్రేన్‌తో అంత రాబట్టాలంటే లోపలికి పంపిన గాలిలో చాలా భాగం వృథాగా పోవాలి. నేను ట్యాంకుల దగ్గరే ఆగిపోయాను. పౌడరు ఆరబెట్టేవాళ్లను అడగనే లేదు.

జూన్ 24

జీఎం దేవీప్రసాద్ గారి గదిలోకి వెళ్లి, తప్పు రాశాను సార్, పీఎస్ఏ కావాలి అని చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఆర్డరు రేపు వెళ్లాలి, ఇవాళ చెప్పావు, బతికించావు అన్నారు. అంతే. ఇంకా ఏదో అంటారని నిలబడ్డాను. కూర్చుని కొత్త నోట్ రాయమ్మా అన్నారు.

ఆపరేటర్ అన్నచోట అర్జునరావు గారి పేరు రాశాను. ఎవరినీ అడగలేదు.

ఆగస్టు 18

మిషన్ స్టార్ట్ చేశాం. ప్యూరిటీ 99.2 దగ్గర ఆగిపోయింది.

ఆగస్టు 20

ఇంకా 99.2. మిషన్ అమ్మిన కంపెనీ పంపిన ఇంజనీర్ సాయిశంకర్, లారీ కుదుపులకు గుళికలు నలిగి ఉంటాయి, టవరు వెనక్కి పంపాలి, ఆరు వారాలు పడుతుంది అంటున్నాడు. కొత్త ప్రాడక్ట్ మొదటి బ్యాచ్ రెండు వారాల్లో ఉంది. అన్నం తినాలనిపించలేదు.

ఆగస్టు 21

రాయకుండా ఉండలేను.

పొద్దున్నుంచీ అర్జునరావు గారు మిషన్ వెనక స్టూలు వేసుకుని కూర్చున్నారు. ట్రైనింగ్ కాగితాలు చదవలేదు, స్క్రీను చూడలేదు. పదకొండింటికి నన్ను పిలిచి ఎడమ టవరు గాలి వదిలే పైపు దగ్గర చెయ్యి పెట్టమన్నారు. ప్రెషరెక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలి గదమ్మా, ఇదేటి సన్నంగా వదిలేత్తంది అన్నారు. నిజమే. మూసుకోవాల్సిన వాల్వులోంచి గాలి నా వేళ్లకు తగులుతోంది. ఇరవై రెండేళ్లు సిలిండర్ల లీకులు చెవితోనే పట్టిన మనిషి.

సాయిశంకర్ వాల్వు విప్పాడు. పైపుల వెల్డింగ్‌లో రాలిన చిన్న రేకుముక్క లోపల ఇరుక్కుని ఉంది. తీసి శుభ్రం చేసి మళ్లీ బిగించాడు. మధ్యాహ్నం రెండున్నరకు 99.7. మూడుంపావుకు 99.95. తర్వాత ఎవరూ టీకి కూడా కదల్లేదు. నాలుగు దాటాక 99.99 పడింది. సాయిశంకర్ ఆయన చేతులు రెండూ పట్టుకుని, గురువుగారూ మా కంపెనీకొచ్చేయండి అన్నాడు. అర్జునరావు గారు సిగ్గుపడిపోయి, నానెక్కడికీ రాను, ఇది నా మిషను అన్నారు.

సెప్టెంబర్ 5

మొదటి బ్యాచ్. మహేశ్వరి ల్యాబ్ నుంచి ఫోన్ చేసి, తెల్లగా ఉంది అంది. మల్లెపువ్వులా ఉందట.

సెప్టెంబర్ 16

అర్జునరావు గారు ఇవాళ సెలవు పెట్టారు. ఇన్నేళ్లలో మొదటిసారట. సిలిండర్లు ఎవరు మారుస్తారని ఎప్పుడూ సెలవు అడగలేదట. తమ్ముడితో వేటకెళ్లారు. పది గంటలకు పడవలోంచి ఫోన్ చేశారు. మిషనెలాగుందో అడుగుతారనుకున్నాను. అడగలేదు. అమ్మా, వల నిండా కవళ్లు పడ్డాయి అన్నారు.