బల్లెక్కిన కత్తిపీట

ఆదివారం, కోడూరు

మోకాళ్ళు మార్చాక గొంతుక్కూర్చోకూడదని బందరు డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి ఆపరేషన్ కన్నా అదే దిగులు. కాలితో తొక్కిపట్టకుండా కత్తిపీట మీద చేపలు కోసేదెలా?

మా ఆయన పాత పడవ చెక్కతో ఎత్తు బల్ల చేసి, కత్తిపీట దానికి బిగించాడు. ఇవాళ బజారులో స్టూలు మీద కూర్చుని కోశాను. మొదటి చేప జారి కిందపడితే అందరూ నవ్వారు. ఇన్నాళ్ళూ నా కుంటినడకను వెక్కిరించిన పక్కకొట్టు సుబ్బులు మాత్రం నవ్వలేదు. సాయంత్రం తన కత్తిపీట ముందు నుంచి నా బల్ల పట్టుకుని మెల్లగా లేచింది.

"అన్నయ్యనడగవా వదినా, నాకూ ఒకటి చేస్తాడేమో" అంది, ఎవరికీ వినపడకుండా.

ఆపరేషన్‌కి ఆస్పత్రి నుంచి పిలుపింకా రాలేదు. నొప్పి అలాగే ఉంది. పడవ చెక్క ఇంకేమైనా మిగిలిందో లేదో పొద్దున్నే చూడాలి.